పాకలో పెట్టిన కన్ను

ఆ వానాకాలం మా ఇంట్లో మొదటి బెజ్జం పడింది హాలు గోడకి. మూరెడు మందం గోడ. రాయి నేనే మోసి, మేస్త్రీ పక్కన నిలబడి కట్టించుకున్నది. డ్రిల్లు లోపలికి దిగుతూ గీపెడుతుంటే నా పళ్ళ సందున ఇసుక పడ్డట్టుగా ఉంది.

"కాస్త దుమ్ము లేస్తుంది మామయ్యా, ఏమనుకోకండి," అన్నాడు మా అల్లుడు నిచ్చెన మీదనుంచి.

"పరవాలేదు బాబూ. మీ ఇష్టం," అన్నాను.

ఇంట్లో నా మాటలు అంతవరకే. పెళ్ళయిన కొత్తలో నేను మా ఆవిడతో మాట్లాడిన మొదటి మాట "గొడుగు" అని ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. వాన పడుతుంటే గొడుగు అడక్క ఇంకేం అడుగుతాను?

అల్లుడు పనిచేసే కంపెనీని ఎండాకాలం చివర్లో మూసేశారు. అమ్మాయిది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం, ఎక్కడ కూర్చున్నా ఒకటే. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ మా దగ్గరికి వచ్చేశారు. కొన్నాళ్ళే నాన్నా, అంది అమ్మాయి. ఉండండమ్మా, అన్నాను. వెనక గది వాళ్ళకి ఇచ్చాం. తీరా చూస్తే నెట్ ముందు గది దాటి వెనక్కి రానంటుంది. నా గోడలు అడ్డం. అమ్మాయి హాల్లో కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కంప్యూటర్ పెట్టుకుని ఆఫీసువాళ్ళతో మాట్లాడుతుంటే, వెనకనుంచి మా ఆవిడ గిన్నెలు, పాకలోంచి ఆవుల అరుపులు. అవతల ఎవరో "మీరు ఎక్కడున్నారు?" అని అడిగారట.

అల్లుడు ఆ పని నెత్తిన వేసుకున్నాడు. మనిషి నెమ్మది. పొడుగు ఎక్కువై తల ద్వారబంధానికి కొట్టుకుంటే, ద్వారబంధానికే సారీ చెప్పే రకం. ఒక కాగితం మీద ఇల్లు గీసి, భోజనాల దగ్గర అందరికీ చూపించాడు.

"ముందు గది నెట్ పెట్టెలోంచి వైరు లాగి వెనక గదిలో ఇంకో పెట్టె పెడతాను. అక్కడినుంచి వంటింటికీ పాకకీ గాలిలోనే అందుతుంది. అప్పుడు ప్రింటరు ఒకటుంటే చాలు, అందరూ వాడుకోవచ్చు. అందరి ఫొటోలూ ఒకే డిస్కులో. ఎవరి ఫోన్లోది వాళ్ళు టీవీలో వేసుకోవచ్చు."

"అయితే నా ఫోన్లో పాటలు వంటింట్లో మోగుతాయా?" అంది మా ఆవిడ.

"మోగుతాయి అత్తయ్యా."

"మరి ఈయన గురక?"

"దానికి నెట్ అక్కర్లేదు అత్తయ్యా. ఇప్పటికే అన్ని గదుల్లోకీ వస్తోంది."

అమ్మాయి నీళ్ళు తాగుతూ పొలమారింది. నేను కూడా మీసం చాటున నవ్వే ఉంటాను. కానీ ఆ రోజు నా మనసు ఆ కాగితం మీద లేదు. నీళ్ళ గ్లాసు మీద ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంటే ఎవరైనా అడుగుతారేమోనని, భోజనం అయ్యేదాకా దాహం ఆపుకున్నాను.

కుడి చేతి బొటనవేలు, పక్క రెండు వేళ్ళు, మూడూ మొద్దుబారిపోయాయి. ముందు తిమ్మిరి అనుకున్నాను. విదిలిస్తే పోయేది. తర్వాత విదిలించినా పోలేదు. ఎడమ చెయ్యి కూడా అదే దారి పట్టింది. వస్తువు పట్టుకున్నానని కంటితో చూసి తెలుసుకోవాలి, వేళ్ళు చెప్పవు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం సూదిలో దారం ఎక్కించినంత పని.

ఇది ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. మాకు మూడు ఆవులు. మా ఆవిడ మోకాళ్ళు అరిగి కింద కూర్చోలేదు. పాలు పితికేది నేనొక్కణ్ణే. అమ్మాయి వచ్చిన మొదటి రోజే అంది: "నీకు ఓపిక ఉన్నన్నాళ్ళే నాన్నా. ఏ రోజు నీవల్ల కాకపోతే ఆ రోజు అమ్మేద్దాం. ఈ వయసులో మీకెందుకు ఈ చాకిరీ?" మా ఆవిడ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. పాక వైపు చూసి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ఆవులు నా కళ్ళ ముందు పుట్టినవి. వాటి తల్లులు కూడా. పొద్దున లేవగానే పోవడానికి ఆ పాక లేకపోతే నేను ఏ గోడ వైపు తిరిగి కూర్చోవాలో నాకు తెలియదు.

కాబట్టి చేతుల సంగతి బయటపడకూడదు. అప్పటికి నాకున్న పట్టుదల అదొక్కటే.

వైరు గోడలోంచి వెనక గదికి చేరింది. పెట్టెకి పచ్చలైటు వెలిగింది. మొదటి రెండు మూడు రోజులు ఇంట్లో పెద్ద గోల. అమ్మాయి వెనక గదిలో ఏదో నొక్కితే ముందు గదిలో ప్రింటరు దానంతటది కదిలి కాగితం కక్కింది. మా ఆవిడ వంటింట్లో పాట పెట్టుకుందామనుకుని ఏదో నొక్కితే అది హాల్లో టీవీలో ఎలుగెత్తి మొదలైంది. సరిగ్గా అప్పుడే పక్కింటాయన మా ఆవిడ తమ్ముడి ఆపరేషను సంగతి అడగడానికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మొహం విచారంగా, వెనక పాట హుషారుగా. నా ఫోను కూడా తీసుకుని ఆ గుంపులో కలిపాడు అల్లుడు.

తర్వాత కెమెరా. మచ్చల ఆవు చూలుతో ఉంది, వానాకాలం అయ్యేలోగా ఈనాలి. మాటిమాటికీ వానలో తడుస్తూ పోయి చూడక్కర్లేకుండా పాకలో కెమెరా పెడతానన్నాడు. గుప్పిట్లో పట్టేంత ఉంది. మధ్యలో నల్లటి గాజు, మనిషి కన్నులాగే. పాక వాసానికి బిగించి, తన ఫోన్లో నాకు చూపించాడు. పాకంతా కనబడింది, మేత వేసే గాడి, గడ్డిమోపు, ఆవుల వీపులు.

నేను అడిగింది ఒక్క మాట. "ఈ మూల కనబడటం లేదేం?"

"అది సరిగ్గా కెమెరా కింద ఉంది కదా మామయ్యా. అక్కడికి చూపు ఆనదు. కావాలంటే అటు జరుపుతాను."

"వద్దులే. బాగానే ఉంది."

మర్నాడు పాలు పితికే చోటు ఆ మూలకి మార్చేశాను. గుంజ అక్కడ పాతి, ఒక్కొక్క ఆవునూ అక్కడికి తెచ్చి కట్టుకుని, పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. కన్ను నా నెత్తి మీద ఉండేది. నన్ను తప్ప పాకంతా చూసేది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

పాకలో నేను ఇంట్లో మనిషిని కాను. మాట్లాడతాను. ఎప్పటినుంచో అలవాటు. పాలు పితికేటప్పుడు మాట వినబడితే ఆవు స్థిమితంగా పాలు చేపుతుంది, అందుకే మొదలుపెట్టి ఉంటాను. తర్వాత అది నా అవసరం అయిపోయింది. మచ్చల ఆవు పాలు ఇవ్వడం ఆపేశాక కూడా దాన్ని దగ్గర కట్టుకునేవాణ్ణి, వినడానికి అదే మంచిది. మిగతా రెండూ చెవులు ఆడిస్తూనే ఉంటాయి.

"ఇవాళ గుండీలు పెట్టుకోలేకపోయానే. తువ్వాలు కప్పుకుని వచ్చేశాను, మీ అమ్మ చూడకుండా," అనేవాణ్ణి. "నువ్వు పక్కదానికి చెప్పు, తన్నొద్దని. నా పట్టు ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పడుతోంది, నాకు తెలుసు. ఓర్చుకోమను. అది తన్నితే బకెట్టు పోతుంది, బకెట్టు పోతే వాళ్ళకి తెలిసిపోతుంది. తెలిస్తే మీ ముగ్గుర్నీ లారీ ఎక్కిస్తారు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"చూశావా మన అల్లుణ్ణి," అనేవాణ్ణి. ఇంట్లో అతన్ని మీరు అంటాను, పాకలో వాడు. "వైరు పట్టుకుని గోడల వెంట పాకుతున్నాడు, సాలీడులాగా. సాలీడన్నా తన తిండికోసం తను అల్లుకుంటుంది. వీడు అత్తగారి వంటకి అల్లుతున్నాడు. మగాడన్నవాడు పొద్దున లేచి ఎక్కడికో ఒక చోటికి పోవాలా లేదా? పోయి చేతులూపుకుంటూ తిరిగొచ్చినా సరే, పోవాలి. నా కూతురు సంపాదించి పెడుతుంటే కూర్చుని తింటున్నాడు. పైగా పక్కనున్న గదికి మాట అందించడానికి ఇన్ని పెట్టెలా? లేచి నాలుగడుగులు వేస్తే పోలా? సిగ్గుండొద్దూ మనిషికి?"

మచ్చల ఆవు నెమరు వేసేది. అది ఔనన్నట్టే ఉండేది నాకు.

ఒకరోజని కాదు. వాన పట్టుకున్నప్పుడల్లా, పాకలో కూర్చున్నప్పుడల్లా. నా చేతుల మీది కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి. చేతులు బాగున్నవాడు, చేతినిండా పని లేనివాడు ఇంట్లో ఒకడు దొరికాడు.

ఆ తర్వాత ఇంట్లో చిన్నచిన్నవి మారాయి. అప్పట్లో నేను వాటిని ఒకదానితో ఒకటి కలపలేదు. ఉతికి మడతపెట్టిన చొక్కాల్లో గుండీలవి కనబడటం మానేసి, తలమీదనుంచి వేసుకునేవే పైన ఉండేవి. "ఆ చొక్కాలేవీ?" అంటే "ఈ వానకి ఆరి చావడం లేదండీ," అంది మా ఆవిడ. టీ గ్లాసుల్లో కాకుండా పిడి ఉన్న కప్పుల్లో రావడం మొదలైంది. పాల బకెట్టు పిడికి ఎవరో మందంగా గుడ్డ చుట్టారు. గుంజల దగ్గర ముడులు పోయి ఇనప కొక్కేలు వచ్చాయి. పలుపు అలా తగిలిస్తే చాలు.

"కొక్కేలు ఎవరు పెట్టారు?" అన్నాను.

"వైర్లు బిగించగా మిగిలినవి మామయ్యా. ఊరికే పడి ఉన్నాయని," అన్నాడు అల్లుడు.

ఇంకో రోజు సాయంత్రం పాక గుమ్మంలో నిలబడి, తల వంచుకుని, "మామయ్యా, నాకు పాలు పితకడం నేర్పిస్తారా? ఊరికే కూర్చుని తినడం నాకూ బాగోలేదు," అన్నాడు.

నేర్పించాను. చెయ్యి ఎలా మూయాలో మాటలతో చెప్పాను, చేసి చూపించకుండా తప్పించుకున్నాను. మొదటిరోజు ఆవు తన్నిన తన్నుకి పీటతో సహా వెనక్కి పడి, లేచి ఆవుకి సారీ చెప్పాడు. పది రోజులు తిరిగేసరికి ఒక ఆవు అతని చేతికి అలవాటైంది. తర్వాత రెండోది. నేను పక్కన నిలబడేవాణ్ణి, అజమాయిషీ చేస్తున్నట్టు. అతను వెళ్ళిపోయాక మచ్చల ఆవు దగ్గర కూర్చుని, "ఇన్నాళ్ళకి వీడికి ఒక పని దొరికిందే, అది కూడా నాదే," అన్నాను.

అది కూడా అన్నాను.

వాగు పొంగిన వారం నాకు జ్వరం తగిలింది. మధ్యాహ్నం హాల్లో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాను. బయట కుండలతో కుమ్మరించినట్టు వాన. మచ్చల ఆవుకి పొద్దుటినుంచే నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు పాకలోనే ఉన్నాడు. పశువుల డాక్టరుకి ఫోను చేస్తే వాగు అవతల ఆగిపోయానన్నాడట. అమ్మాయి టీవీలో పాక వేసింది, నేను పడుకునే చూడొచ్చని. మా ఆవిడ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని కూర తరుగుతోంది.

టీవీలోంచి రేకుల మీద వాన చప్పుడు వస్తోంది. ముందు అది మా ఇంటి కప్పు మీదిదే అనుకున్నాను. ఆవు గట్టిగా ఊపిరి వదిలింది. అది కూడా వినబడింది. అతను "అయిపోతుందమ్మా, అయిపోతుంది," అంటున్నాడు దాని మెడ నిమురుతూ. గొణుగుడే, అయినా ప్రతి అక్షరం తెలుస్తోంది.

"దీనికి మాటలు కూడా వస్తాయా?" అన్నాను.

"వస్తాయి నాన్నా. ఇవాళే అందరికీ పెట్టారు, లోపల్నుంచి పిలిస్తే మనకి తెలియాలని," అంది అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"అంతకుముందు రాలేదా?"

"ముందునుంచీ ఉంది. కానీ మా ఫోన్లన్నిట్లో ఆయనే ఆపేశారు. పాకలో మాటలు మనకెందుకు అన్నారు. ఆయన దాంట్లో ఒక్కదాంట్లోనే ఉంది."

మా ఆవిడ చేతిలో కత్తి ఆగలేదు. కూర తరుగుతూనే ఉంది. అమ్మాయి ఏదో టైపు చేసుకుంటోంది. ఇద్దరికీ అది మామూలు మాట.

నాకు జ్వరం దిగిపోయినట్టయింది. ఒళ్ళంతా చల్లబడి, చెవులు మాత్రం కాలిపోయాయి. నెత్తి మీద కన్ను ఉందని, దానికి అందకుండా తెలివిగా దాని కిందకే పోయి కూర్చున్నాను. దాని చెవి దగ్గరికే పీట జరుపుకున్నాను. సాలీడు. అత్తగారి వంట. సిగ్గుండొద్దూ. ఏ రోజు ఏమన్నానో ఒక్కొక్కటీ వరస తప్పకుండా గుర్తొచ్చాయి. అన్నప్పుడు లేని బరువు ఇప్పుడు వచ్చింది వాటికి. అవన్నీ విన్న మనిషి ప్రతి సాయంత్రం నా ఎదురుగా కూర్చుని "మామయ్యా, ఇంకాస్త వడ్డించమంటారా?" అని అడిగాడు.

దుప్పటి మొహం మీదికి లాక్కుందామనుకున్నాను. అంతలో టీవీలోంచి అతని గొంతు, ఈసారి పైకి.

"అత్తయ్యా! మామయ్యని ఒక్కసారి పంపండి. ఒక కాలే కనబడుతోంది. చాలాసేపయింది. నాకు భయంగా ఉంది."

నేను లేచాను. మా ఆవిడ "జ్వరం..." అంటుండగానే గోనెపట్టా నెత్తిన వేసుకుని వానలో పడ్డాను.

అతని మొహం చూడకుండా ఆవు వెనక్కి పోయాను. ఒక గిట్ట బయటికి వచ్చి ఉంది. రెండోది లేదు. లోపల మడతపడి ఉంటుంది. ఇలాంటివి ఎన్ని తీశానో. మోచేతిదాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాలి, దూడని కాస్త వెనక్కి నెట్టి, మడిచిన కాలు వెతికి పట్టుకుని ముందుకి తేవాలి. అంతా తడిమి తెలుసుకోవడమే. అక్కడ కంటికి పని లేదు.

సబ్బు రాసుకున్నాను. చెయ్యి పెట్టాను. వేడి తెలిసింది మోచేతికి. వేళ్ళకి ఏమీ తెలియలేదు. ముక్కో, మోకాలో, గిట్టో, అన్నీ ఒకటే. ఆవు మూలిగింది. ఏది పట్టుకుని ఏది లాగుతానో నాకే తెలియనప్పుడు లాగకూడదు. చెయ్యి బయటికి తీసేశాను.

అతను నా చేతి వైపు చూడటం లేదు. ఆవు కొమ్ముల వైపు చూస్తున్నాడు. కావాలనే. పైన వాసానికి ఆ నల్ల గాజు. హాల్లో టీవీ ముందు ఇద్దరు ఆడవాళ్ళు.

"నా వేళ్ళకి తెలియడం లేదు," అన్నాను. "స్పర్శ పోయింది. నువ్వు పెట్టు చెయ్యి."

"నేనా?"

"నేను చెబుతుంటాను."

ఎందుకని అడగలేదు, ఎప్పటినుంచని అడగలేదు. చొక్కా విప్పి భుజందాకా సబ్బు రాసుకున్నాడు.

"ఏం తగులుతోంది?"

"మెత్తగా... ముక్కు అనుకుంటా. ఊపిరి... లేదు, నాలిక కదులుతోంది మామయ్యా. బతికే ఉంది."

"ముక్కు పక్కనుంచి కిందికి పో. ఛాతీ దాటు. మోకాలు మడిచి ఉంటుంది."

"ఉంది."

"ఆవు ముక్కుతున్నప్పుడు ఆగు. ఆపగానే దూడ ఛాతీ మీద చెయ్యి ఆనించి వెనక్కి నెట్టు. భయపడకు, నెట్టు. ఇప్పుడు మోకాలు వెంట కిందికి జారి గిట్ట పట్టుకో. గిట్టని గుప్పిట్లో దాచుకో, కొస బయటికి ఉంటే గర్భసంచి చీరుకుంటుంది. మూశావా?"

"మూశాను."

"అలాగే ముందుకి తీసుకురా. మెల్లిగా. గుడ్డు తెస్తున్నట్టు."

అతని మెడ నరాలు పొంగాయి. ముక్కు చివరినుంచి చెమట కారుతోంది. నేను మాట ఆపలేదు. నా జన్మలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడలేదు. ఆపితే అతని చేతికి దారి తెలియదు, నా చేతికి ఎలాగూ తెలియదు. చివరికి రెండో గిట్ట మొదటిదాని పక్కకి వచ్చింది. ఆ తర్వాత ఆవే చూసుకుంది. దూడ జారి గడ్డి మీద పడి తల విదిలించింది. ఆడదూడ. తల్లిలాగే మచ్చలు.

అతను నేలమీద కూర్చుండిపోయి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. దూడ ముక్కు తుడిచే నెపంతో అటు తిరిగాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ వడ్డిస్తుంటే మళ్ళీ చెప్పాను, చెప్పవలసిన పద్ధతిలో. "కొన్నాళ్ళుగా చేతులకి స్పర్శ లేదు. పని కావడం లేదు."

"అయ్యో, అలాగా? చెప్పరేం?" అంది మా ఆవిడ. ఆ 'అయ్యో' నా మాట పూర్తికాకముందే వచ్చేసింది.

"డాక్టరుకి చూపిద్దాం నాన్నా," అంది అమ్మాయి. "అడిగి చూస్తాను ఎప్పుడు దొరుకుతుందో." లోపలికి పోయి, తిరిగి రాకముందే ముందు గదిలో ప్రింటరు కాగితం బయటపెట్టింది. ఎల్లుండికే దొరికిందట. పెద్ద డాక్టరు, అంత త్వరగా.

అల్లుడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

పడుకునేముందు మా ఆవిణ్ణి అడిగాను. "నీకు ముందే తెలుసు కదా?"

"అల్లుడు చెప్పాడు. పితికేటప్పుడు మీరు చేతులు విదిలించుకోవడం కెమెరాలో చూశాడట. మీకు తెలిసేలా చేయొద్దన్నాడు, బాధపడతారని."

"ఇంకేమన్నా చెప్పాడా?"

"ఇంకేముంటుంది?"

ఆ మూలకి చూపు ఆనదు. నాకు తెలుసు, అతనికి తెలుసు. విన్నదాంట్లోంచి వాళ్ళకి అవసరమైనంత తీసి, దాన్ని కంటితో చూసిన దానిలా మార్చి చెప్పాడు. మిగిలింది తన దగ్గర ఉంచుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

డాక్టరు మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు. కోసి సరిచేస్తే కొంత వస్తుంది, అంతా రాదన్నాడు. కుడి చెయ్యి కోయించుకున్నాను. రెండు ఆవుల్ని నా నోటితోనే అమ్మేద్దామన్నాను. తెలిసిన రైతే తోలుకుపోయాడు. మచ్చల ఆవూ దూడా ఉండిపోయాయి. అల్లుడు ఉన్నన్నాళ్ళూ పాలు అతనే పితికాడు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. "బాబూ" అనేవాణ్ణి. "చెప్పండి మామయ్యా," అనేవాడు. "గడ్డి వేశావా?" అనేవాణ్ణి. వేసిన గడ్డి ఎదురుగా కనబడుతూ ఉండేది.

వానలు వెనకబట్టాక అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. వెళ్ళే రోజు సామాను బండిలో పెట్టి నన్ను ముందు గదిలో పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. "పచ్చలైటు ఉంటే అంతా బాగున్నట్టు. ఎర్రలైటు వస్తే ఆపి మళ్ళీ వేయండి. అప్పటికీ పోకపోతే నాకు ఫోను చేయండి. అక్కడినుంచి కూడా నాకు ఏది పనిచేస్తోందో కనబడుతుంది."

"సరే," అన్నాను. బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

పక్కింటి కోడలు వచ్చి పాలు పితికి పెడుతోంది, సగం పాలు తనకి. నేను మాత్రం రోజూ పొద్దున మొదట ఆ పెట్టె చూసేవాణ్ణి. పచ్చగా ఉండేది. మధ్యాహ్నం చూసేవాణ్ణి. పచ్చగానే. అంత గట్టిగా కట్టాడు, ఒక్కరోజు కూడా చెడలేదు. ఊరికే ఫోను చేసి మాట్లాడే అలవాటు నాకు లేదు, ఏం మాట్లాడాలో తెలియదు. ఒకరోజు మా ఆవిడ పక్కింటికి వెళ్ళిన సమయం చూసి, కూర్చుని, పెట్టె వెనకనుంచి నీలం వైరు లాగేశాను.

ఎర్రలైటు వచ్చింది. ఫోను చేశాను.

"మామయ్యా! ఏమైంది? అందరూ బాగున్నారా?" కంగారుపడ్డాడు. నా దగ్గర్నుంచి ఫోను పోవడం అతనికి అదే మొదలు.

"బాగున్నాం. ఎర్రలైటు వచ్చింది."

"ఆపి మళ్ళీ వేశారా?"

"వేశాను." వేయలేదు.

"ఒక్క నిమిషం, చూస్తాను." మీటలు నొక్కుతున్న చప్పుడు. "వెనక గదికి వెళ్ళే నీలం వైరు దాని గూట్లో ఉందా మామయ్యా?"

"ఊడింది."

"ఓ. పిల్లి లాగి ఉంటుంది."

"పిల్లే."

మా ఇంట్లో పిల్లి లేదు. వానాకాలమంతా మా ఇంట్లో ఉన్నవాడికి ఆ సంగతి తెలుసు.

"ఏం పరవాలేదు. దాని కొస గూట్లో పెట్టి నెట్టండి, టక్కుమంటుంది."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వంగాను. కొస చిటికెనవేలి గోరంత ఉంది. వేళ్ళకి కొంచెం తెలుస్తోంది గానీ అంత చిన్నది ఆగడం లేదు. జారి పడింది. తీసి పెట్టాను. మళ్ళీ పడింది.

"తొందరేం లేదు మామయ్యా," అన్నాడు.

"బాబూ."

"చెప్పండి."

"పాకలో నేను ఆవుతో నిన్ను అన్న మాటలు. సాలీడని. కూర్చుని తింటున్నావని. ఇంకా చాలా." పడిన వైరు కొస తీసి పట్టుకున్నాను. "అవి నువ్వు విన్నావు కదా?"

లేదంటాడనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. పిల్లి లాగిందన్నవాడు అది కూడా అనగలడు.

"విన్నాను మామయ్యా," అన్నాడు.

అవతల వీధిలో ఏదో బండి పోయింది.

"అనకూడనివి," అన్నాను. అంతకంటే మాట దొరకలేదు. మొహం పొయ్యి ముందు కూర్చున్నట్టు కాలిపోతోంది, ఎవరూ చూడకపోయినా.

అవతల అతని ఊపిరి వినబడుతోంది. తర్వాత మెల్లిగా, "వైరు గూట్లో పడిందా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"పెట్టండి. నేను లైన్లోనే ఉంటాను."

నేను మళ్ళీ వంగాను.